గేటు పడింది, గేటు లేచింది: మూతలు దొర్లించే బాబుతో ఆడటం ఎలా?

ప్రశ్న: అక్కా, మాది రాయగడ. మా బాబుకి మూడేళ్ళ ఎనిమిది నెలలు. ఆటిజం అని నాలుగు నెలల క్రితం విశాఖపట్నంలో చెప్పారు. మాటలు ఐదారు ఉన్నాయి, అవీ ఎప్పుడో గాని రావు. పిలిస్తే పలకడు. రోజంతా స్టీలు డబ్బాల మూతలు దొర్లించుకుంటూ ఉంటాడు. అక్కడి థెరపిస్టు "ఫ్లోర్‌టైమ్ చెయ్యండి, నేల మీద కూర్చుని వాడు ఆడేదే మీరూ ఆడండి" అని చెప్పి పంపారు. అరగంట కూర్చుంటే వాడు నాకు వీపు తిప్పేస్తాడు. ఏం చెయ్యాలో తెలియక ఏడుపొస్తోంది. మా ఆయనది పేపర్ మిల్లులో షిఫ్టు డ్యూటీ. ఉద్యోగం సంగతి తర్వాత, విశాఖలో ఇల్లు తీసుకుని వాణ్ణి రోజూ సెంటర్‌కి పంపుదాం అంటున్నారు. నువ్వు ఫోన్ చేతికిచ్చావు కాబట్టే ఇలా అయ్యాడని మా అత్తగారు. ఇంట్లో తెలుగు, అంగన్‌వాడీలో ఒడియా, థెరపీలో ఇంగ్లీషు. ఒక్క భాషే మాట్లాడాలట, ఏది మాట్లాడాలి? అసలు ఈ ఆటల వల్ల ఏమైనా అవుతుందా? (ఒక అమ్మ, రాయగడ)

సమాధానం:

చెల్లీ, అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తాను. విశాఖ సంగతి, అత్తగారి సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ మూతల దగ్గర కూర్చుందాం.

ఆ అరగంటలో నువ్వు ఏం చేశావో రాయలేదు గాని నేను ఊహించగలను. "ఇదేంటి నాన్నా? మూత! మూత అను. ఏ రంగు? గుండ్రంగా ఉంది కదా? ఎన్ని ఉన్నాయి, ఒకటి, రెండు..." ఇంతేనా? మనం పిల్లడి ఎదురుగా కూర్చోగానే మనలో ఉన్న టీచరమ్మ నిద్ర లేస్తుంది. వాడు హాయిగా తన పని తను చేసుకుంటుంటే ఎవరో వచ్చి పరీక్ష పెట్టారు, వాడు వీపు తిప్పాడు. నన్నడిగితే అది చాలా తెలివైన జవాబు. వాడికి నువ్వంటే ఇష్టం లేక కాదు, ఆ ప్రశ్నల వాన నుంచి తప్పించుకోవడానికి వాడి దగ్గరున్న గొడుగు ఆ వీపు ఒక్కటే.

నేనూ ఇదే చేశాను, అదీ జీతం తీసుకుని చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సెంటర్‌లో పనిచేసేదాన్ని. అక్కడ పిల్లణ్ణి బల్ల ముందు కూర్చోబెట్టి, పజిల్ ముక్క నా చేతిలో పట్టుకుని "ఇవ్వు" అనేదాకా ఇచ్చేదాన్ని కాదు. ఒక బాబు రెండు నెలల్లో "ఇవ్వు" నేర్చుకున్నాడు. మేం చప్పట్లు కొట్టాం. తర్వాత వాళ్ళ అమ్మ చెప్పింది, ఇంట్లో ఒక్కసారి కూడా అనడట. ఆ గది, ఆ కుర్చీ, నా చెయ్యి, ఇవన్నీ ఉంటేనే ఆ మాట. ఒకరోజు అమ్మకి జ్వరం వచ్చి వాళ్ళ మామ్మ తీసుకొచ్చింది, పర్లాకిమిడి దగ్గర పల్లెటూరి మనిషి. బయట బెంచీ మీద కూర్చుని, వాడి అరచేతిలో తన మోచేయి పెట్టి పప్పు రుబ్బి, అమ్మకో ముద్ద నాన్నకో ముద్ద అని వేళ్ళు మడిచి, చంక దాకా వేళ్ళతో నడుచుకుంటూ వెళ్ళి చక్కిలిగింత పెట్టింది. రెండోసారి చంకకి బెత్తెడు దూరంలో ఆపేసి వాడి ముఖంలోకి చూస్తూ ఊరుకుంది. వాడు ఆమె కళ్ళల్లోకి చూశాడు! నేను రెండు నెలలు "నన్ను చూడు, నన్ను చూడు" అని చెప్పినా చూడని పిల్లడు. తర్వాత అరచెయ్యి తనే చాపాడు, మళ్ళీ రుబ్బమని. మాట లేదు, కానీ అడిగాడు. ఆ పూట నేను నేర్చుకున్నంత ట్రెయినింగ్‌లో నేర్చుకోలేదు.

ఇప్పుడు నీ మూతలు. రేపు పొద్దున వాడి వెనక కాకుండా, మరీ ముఖం మీదకి కాకుండా, కొంచెం పక్కకి ఎదురుగా, వాడి తల ఎంత ఎత్తులో ఉందో అంత కిందకి నీ ముఖం ఉండేలా కూర్చో. అవసరమైతే బోర్లా పడుకో. నీకూ ఒక మూత తీసుకో. ఏమీ అడక్కు. వాడు దొర్లిస్తే నువ్వూ నీది దొర్లించు. వాడు ఆపితే ఆపు. ఒక రెండు మూడు రోజులు ఇంతే చెయ్యి, నిజంగా ఇంతే. వాడు ఓరగా నీ మూత వైపు ఒకసారి చూసినా, మన మొదటి రోజు పని అయిపోయినట్టే.

వాడికి నువ్వు పక్కన ఉండటం అలవాటయ్యాక, గేటు వెయ్యి. మీ ఊళ్ళో రైలు గేటు వాడికి తెలియకుండా ఉండదు. వాడి మూత దొర్లుకుంటూ వస్తుంటే దానికి అడ్డంగా నీ చెయ్యి నేల మీద పెట్టి "గేటు పడిందీ..." అని సాగదీసి ఆగు. ఇక్కడ ఆగడమే అసలు మందు. నోరు మూసుకుని, ముఖం నిండా ఇప్పుడేమవుతుందో అన్న ఆత్రం పెట్టుకుని, పది లెక్క పెట్టు. వాడు నీ చెయ్యి తోస్తాడు. నీవైపు చూడకుండా, విసుగ్గా, ఏదో కర్రముక్కని తోసినట్టు తోస్తాడు, ఫరవాలేదు. తోసిన మరుక్షణం చెయ్యి గాల్లోకి ఎత్తి "గేటు లేచిందీ!" అని మూతని వదిలెయ్యి. మళ్ళీ మూత వస్తుంది, మళ్ళీ గేటు. నాలుగోసారికో, నలభయ్యోసారికో వాడు మూత వదిలే ముందు నీ చెయ్యి వైపు చూస్తాడు, పడుతుందా పడదా అని. అప్పుడు ఆ మూత వాడొక్కడిదే కాదు, మీ ఇద్దరిదీ.

ఈ పద్ధతిలో దీన్ని సర్కిల్ అంటారు. ఒకరు ఒకటి చేస్తారు, రెండోవాళ్ళు దానికి జవాబుగా ఏదో చేస్తారు, సర్కిల్ మూసుకుంటుంది. చెయ్యి తోయడం ఒక జవాబు. మూలగడం జవాబు. పారిపోతూ వెనక్కి తిరిగి చూడటం జవాబే. మాటే కావాలని పట్టుబట్టకు. ఒకటి నుంచి మూడు, మూడు నుంచి పది సర్కిళ్ళు వరసగా జరిగితే అదే సంభాషణ, అందులో తెలుగు లేకపోయినా.

వాడు ఏడిస్తే? అడ్డం ఎక్కువైందని అర్థం, వెంటనే గేటు ఎత్తేసి రెండు రోజులు ఊరికే పక్కన కూర్చో. నువ్వు నవ్వు తెప్పించే అడ్డంలా ఉండాలి, నాకాబందీ పోలీసులా కాదు. ఈ తేడా మాటల్లో చెప్పడం కష్టం గాని, వాడి భుజాలు చూస్తే తెలిసిపోతుంది, బిగుసుకున్నాయా లేదా అని.

ఈ ఫ్లోర్‌టైమ్ ఎవరిదో కూడా చెప్తాను, ఎందుకంటే మీ ఆయన "ఎవడు చెప్పాడు" అని అడుగుతారు కదా. అమెరికాలో స్టాన్లీ గ్రీన్‌స్పాన్ అనే పిల్లల మానసిక వైద్యుడు, సెరీనా వీడర్ అనే సైకాలజిస్టు కలిసి 1980లలో మొదలుపెట్టి పెంచుకుంటూ వచ్చిన పద్ధతి ఇది. అసలు పేరు డీఐఆర్. డీ అంటే ఎదుగుదలలోని మెట్లు, ఐ అంటే ఏ పిల్లడి తీరు వాడిదే అని, ఆర్ అంటే అనుబంధం. మెట్లు ఆరు చెప్పారు. మొదటిది కుదురుగా ఉండి చుట్టూ ఉన్నదాన్ని గమనించడం, రెండోది మనిషితో ముడిపడటం, మూడోది సైగకి సైగ ఇవ్వడం, నాలుగోది చేయి పట్టుకుని లాక్కెళ్ళి, చూపించి, బతిమాలి, ఇలా వరస సైగలతో పని సాధించుకోవడం. ఆ తర్వాతే బొమ్మకి అన్నం పెట్టే ఊహ ఆటలు, చివరికి 'ఎందుకంటే' అని చెప్పగలిగే ఆలోచన. నువ్వు రాసినదాన్ని బట్టి మీ వాడు రెండో మెట్టుకీ మూడో మెట్టుకీ మధ్యలో ఉన్నాడు. అందుకే "వాటర్ అను, వాటర్ అను" అని ఎంత పోరినా రావడం లేదు. తోసే చెయ్యి ముందు, మాట తర్వాత.

ఐ సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి, చాలామంది దీన్ని వదిలేస్తారు. వాడికి మూతలే ఎందుకు? చప్పుడు కోసమా, మెరుపు కోసమా, తిరుగుతూ తిరుగుతూ టకటకమని పడిపోయే ఆ చివరి క్షణం కోసమా? కనిపెట్టు. మిక్సీ వేస్తే చెవులు మూసుకుంటాడా? అయితే నీ గొంతు తగ్గించు, గేటు పాట గుసగుసగా పాడు. సోఫా మీంచి దూకుతూ, గోడకి ఒళ్ళు కొట్టుకుంటూ ఉంటాడా? అయితే కూర్చుని ఆడే ఆటకంటే ముందు దుప్పట్లో వేసి ఇద్దరు రెండు కొసలు పట్టుకుని ఊపండి, దిండ్ల మధ్య నొక్కండి, వీపు మీద ఎక్కించుకుని గుర్రం ఆడండి. ఒళ్ళు కుదుటపడ్డాక వాడి ముఖం మన వైపు తిరుగుతుంది. ఒకరికి పనికొచ్చింది ఇంకొకరికి పనికిరాదు, అందుకే ఫోన్‌లో చూసిన 'ఐదు ఆటలు' నేను ఎవరికీ పంపను.

వాడి దారిలో వెళ్ళమంటే వాడి వెనక తోకలా తిరగమని కాదు. అలా అర్థం చేసుకుని రోజంతా పిల్లడు ఏం చేస్తే అది చెయ్యనిచ్చి, ఆరు నెలల తర్వాత ఏమీ మారలేదని వచ్చిన అమ్మల్ని చూశాను. వాడి ఇష్టం నుంచి బయల్దేరాలి, కానీ ప్రతిసారీ ఒక చిన్న ముడి వెయ్యాలి. డబ్బా మూత గట్టిగా పెట్టి ఇచ్చావనుకో, తీయమని నీ దగ్గరికి రావాలి. చొక్కా తొడిగేటప్పుడు కాలికి తొడగబోయి "అయ్యో, కాదా?" అని ఆగు. రొట్టె అడిగితే చిటికెడంత ముక్క పెట్టు. వీటికి ఆట టైమ్ అక్కర్లేదు. రోజుకి ఎనిమిది పది సార్లు, ఒక్కోసారి ఇరవై నిమిషాలకి పైగా ఆడాలని ఈ పద్ధతివాళ్ళు చెప్తారు. ఆ లెక్క వేసినవాళ్ళకి పంపు నీళ్ళు వచ్చే వేళకి బిందెలు పెట్టే పని లేదనుకుంటా. నీకు పొద్దున ఒక ఇరవై, సాయంత్రం ఒక ఇరవై నిమిషాలు దొరికితే చాలు, మిగతాది స్నానంలో, బట్టలు తొడగడంలో, అన్నం పెట్టడంలో కలిపెయ్యి. నువ్వు వెల్లుల్లి ఒలుస్తుంటే వాడు పక్కన కూర్చుని పొట్టు ఊదినా అది ఆటే.

ఆడకూడని చోటు కూడా ఉంది. వాడు తలుపు తీసుకుని రోడ్డు మీదకో పట్టాల వైపో పరుగెత్తే రకమైతే అక్కడ ఫ్లోర్‌టైమ్ లేదు, పట్టుకోవడమే. పై గడియ పెట్టు, ఫోన్ నంబరు రాసిన బిళ్ళ మెడలోనో చేతికో కట్టు. బాత్రూమ్ అలవాటు, పళ్ళు తోముకోవడం లాంటివి చిన్న చిన్న ముక్కలు చేసి వరసగా నేర్పాల్సినవి. అక్కడ ఏబీఏ (పనిని ముక్కలు చేసి, చేసినప్పుడల్లా మెచ్చుకుంటూ నేర్పే పద్ధతి) వాళ్ళ పద్ధతులు బాగా పనికొస్తాయి, నేనూ వాడతాను. ఫ్లోర్‌టైమ్ వాళ్ళూ ఏబీఏ వాళ్ళూ ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోవడం నాకు నచ్చదు. అలాగే బొమ్మల కార్డులు చూపిస్తే మాట రాదేమో అని భయపడకు. చూపించి అడగడం వచ్చిన పిల్లడికి మాట ఆగిపోదు.

ఇక దీనివల్ల ఏమవుతుంది అన్నావు. ఆటిజం పోదు. పోతుందని ఎవరైనా అంటే ఆ గుమ్మం దిగి వచ్చెయ్. ఆరోగ్యంగా, తన తీరులో తను ఎదుగుతాడు, నీతో కలిసి ఎదుగుతాడు, అదీ మనం అడిగేది. లెక్కలు కావాలంటే, థాయిలాండ్‌లో ఫ్లోర్‌టైమ్ మీదే చేసిన ఒక అధ్యయనం 2011లో వచ్చింది. 2 నుంచి 6 ఏళ్ళ పిల్లలు 32 మంది. సగం మంది ఇళ్ళలో అమ్మానాన్నలే వారానికి సగటున 15 గంటల చొప్పున మూడు నెలలు ఆడారు, మామూలు థెరపీ మాత్రమే అందిన పిల్లలకంటే వీళ్ళు ఎక్కువ మెరుగయ్యారు. చిన్న అధ్యయనం, దాని మీద మేడలు కట్టకూడదు. ఇదే దారికి చెందిన ఇంకో పద్ధతి పాక్ట్, అందులోనూ పిల్లడితో ఎలా మెలగాలో అమ్మానాన్నలకే నేర్పుతారు. బ్రిటన్‌లో 152 మంది పిల్లలతో చేశారు, 2010లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అప్పుడు వచ్చిన ఫలితం ఏమిటంటే, అమ్మానాన్నలు పిల్లడికి తగ్గట్టు స్పందించడం బాగా పెరిగింది, కానీ ఆటిజం లక్షణాల్లో తేడా కొంచెమే. దాదాపు ఆరేళ్ళ తర్వాత అదే పిల్లల్ని మళ్ళీ చూసి 2016లో రాశారు, ఆ కొంచెం తేడా నిలిచే ఉంది. నాకు ఇందులో నచ్చేది ఆ నిలవడమే. సెంటర్ మానేస్తే అక్కడ నేర్చుకున్నది మరుగున పడొచ్చు గాని, అమ్మ ఆడే తీరు మారితే అది రోజూ ఇంట్లోనే ఉంటుంది కదా.

ఈ పాక్ట్‌నే మన వైపు దేశాలకి తగ్గట్టు మార్చి గోవాలోను, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోను 65 మంది పిల్లలతో చేశారు, 2016లో అచ్చయింది. అక్కడ నేర్పినవాళ్ళు పెద్ద డాక్టర్లు కాదు, శిక్షణ తీసుకున్న మామూలు ఆరోగ్య కార్యకర్తలు. అమ్మానాన్నలు పిల్లడితో ఆడుతుంటే వీడియో తీసి, ఆ వీడియో వాళ్ళకే చూపించి, "ఇదిగో ఇక్కడ వాడు చూశాడు, మీరు గమనించలేదు" అని చెప్పడమే ముఖ్యమైన పని. పిల్లలు తమంతట తామే అమ్మతో మొదలుపెట్టడం పెరిగింది.

కాబట్టి విశాఖలో ఇల్లు తీసుకోవద్దనే నేను అంటాను. పర్మనెంటు ఉద్యోగం వదులుకుని, అత్తగారిని ఇక్కడ ఒంటరిగా వదిలి, తెలిసిన వీధి కాదని, అక్కడ అద్దె కట్టుకుంటూ, రోజుకి నలభై ఐదు నిమిషాల కోసం? ఆ నలభై ఐదు నిమిషాలు కూడా చాలాచోట్ల పిల్లణ్ణి లోపలికి తీసుకుని తలుపు వేసుకుంటారు, అమ్మ బయట ప్లాస్టిక్ కుర్చీలో. అనుబంధంతో చేసే వైద్యంలో అనుబంధం ఉన్న మనిషిని బయట కూర్చోబెడితే ఇంకేం మిగిలింది చెప్పు? పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా రైల్లో నెలకోసారి వెళ్ళిరా. వెళ్ళేముందు ఇంట్లో ఐదేసి నిమిషాల వీడియోలు నాలుగు తీసుకో. బాగా ఆడినవి రెండు, వీపు తిప్పినవి రెండు. వీపు తిప్పినవే ఎక్కువ పనికొస్తాయి, సిగ్గుపడకు. థెరపిస్టుని "మా వాడికి ఏం చేశారు" అని కాకుండా "నేను ఆడుతుంటే మీరు చూసి చెప్పండి" అని అడుగు. చూడటానికి ఒప్పుకునే మనిషి దొరికితే ఆ ఫీజు ఇవ్వు. "ఇంట్లో ఏం చేసినా లాభం లేదమ్మా, ఇక్కడికే రోజూ తీసుకురావాలి" అనే చోట ఇవ్వకు. మీ ఆయన మనసులో ఉన్నది విశాఖ కాదు, ఏదో ఒకటి చెయ్యకపోతే తప్పు చేసినవాణ్ణవుతానన్న టెన్షన్ అని నాకనిపిస్తోంది. నైట్ షిఫ్టు దిగి వచ్చిన రోజు కాకుండా, ఆఫ్ ఉన్న రోజు ఆయనకి దుప్పటి ఊయల అప్పజెప్పు. నాన్నల చేతుల్లో బలం ఈ పిల్లలకి చాలా ఇష్టం.

విశాఖ కాకపోయినా హైదరాబాద్ నుంచో, ఫోన్‌లో ప్రకటన చూసో స్టెమ్ సెల్ ఇంజెక్షన్ అని ఎవరో ఒకరు మీ ఆయనకి చెప్తారు, నువ్వు రాయకపోయినా నేనే ముందు చెప్పేస్తున్నా. ఆటిజానికి అది చెయ్యకూడదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. లక్షలు పోతాయి.

భాష. ఇది నా మనసుకి దగ్గరైన విషయం, ఎందుకంటే నేను పుట్టింది పర్లాకిమిడి, బతుకుతున్నది బరంపురం, ఇంట్లో తెలుగు బజార్లో ఒడియా, మన వైపు పిల్లలందరూ అలాగే పెరిగారు. రెండు మూడు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల మాట వెనకబడుతుందని ఇంతవరకు అధ్యయనాల్లో తేలలేదు. ఇంట్లో ఒక భాషే, అది కూడా ఇంగ్లీషే అని చెప్పేవాళ్ళు ఏం చేస్తున్నారో తెలుసా? అమ్మ నోట్లోంచి ముద్దుని, వేళాకోళాన్ని తీసేసి అప్పగించిన పాఠం పెడుతున్నారు. నీకు నవ్వు ఏ భాషలో వస్తుందో, కోపం ఏ భాషలో వస్తుందో ఆ భాషలో వాడితో ఆడు. గేటు పడిందీ అని సాగదీస్తే వచ్చే రాగం "గేట్ ఈజ్ క్లోజ్డ్"లో వస్తుందా? అంగన్‌వాడీలో ఒడియా అలాగే ఉండనీ, వాడు అక్కడి పిల్లల మధ్యే పెరగాలి. వాడు "పాణి" అన్నా "నీళ్ళు" అన్నా నీ కొంగు పట్టుకుని బిందె దగ్గరికి లాక్కెళ్ళినా, మూడూ ఒకటే, గ్లాసు ఇవ్వు. ఇస్తూ "నీళ్ళు" అని ఒక్కసారి నువ్వు అను, వాణ్ణి అనమనకు. పెద్ద పెద్ద వాక్యాలు వద్దు, వాడు ఒక మాట దగ్గర ఉంటే నువ్వు రెండు మాటల దగ్గర ఉండు.

అత్తగారికి చెప్పాల్సింది కూడా చెప్తాను. ఫోన్ వల్ల ఆటిజం రాదు. ఇందులో పెద్ద వాటా జన్యువులది, పుట్టుకతోనే ఉండే మెదడు తీరుది. అమ్మ ప్రేమ చాలకే ఇలా అవుతుందని ఒకప్పుడు అమెరికాలో పెద్ద పెద్ద డాక్టర్లే రాసి, వేలమంది తల్లుల్ని ఏడిపించారు. బెర్నార్డ్ రిమ్లాండ్ అనే సైకాలజిస్టు, ఆయన కొడుక్కీ ఆటిజమే, 1964లో అది తప్పని ఒక పుస్తకమే రాశాడు. అంతా అయి ఇన్నేళ్ళయ్యాక మన ఇళ్ళల్లో ఆ మాట మళ్ళీ ఫోన్ రూపంలో వస్తోంది. అయితే ఫోన్ తగ్గించు, అది వేరే కారణానికి. ఫోన్ ఆగదు, నీ ముఖం చూసి మారదు, వాడు చెయ్యి తోస్తే గేటు ఎత్తదు. ఒకేసారి లాక్కుంటే ఇల్లు పీకి పందిరేస్తాడు, కాబట్టి అన్నం దగ్గర ఒకటి ముందు తీసెయ్. అత్తగారితో వాదించకు. అరచేతిలో పప్పు రుబ్బడం ఆవిడకి వచ్చే ఉంటుంది, నీకంటే బాగా వస్తుంది. చంక దగ్గర ఆగి చూడమని మాత్రం చెప్పు. మనవడు ఒకసారి తన ముఖంలోకి చూసి నవ్వాక ఆవిడ ఫోన్ మాట ఎత్తుతుందో లేదో చూద్దాం.

కాగితాల పనులు త్వరగా చెప్పేస్తాను. వినికిడి పరీక్ష, బెరా అంటారు, చేయించారా? చేయించకపోతే అన్నిటికంటే ముందు అదే. పిలిస్తే పలకని పిల్లడి విషయంలో దాన్ని వదలకూడదు. చిన్నపిల్లల ఆరోగ్యం కోసం కేంద్రం 2013లో మొదలుపెట్టిన ఆర్‌బీఎస్‌కే పథకం కింద జిల్లా ఆస్పత్రుల్లో డీఈఐసీ అనే కేంద్రాలు పెట్టారు, ఎదుగుదలలో తేడా ఉన్న పిల్లల్ని చిన్నప్పుడే చూసే చోట్లు. మీ జిల్లా పెద్దాస్పత్రిలో ఆ పేరు చెప్పి అడుగు, ఫీజు ఉండదు. మాటల థెరపీ, ఒళ్ళు కుదుట పెట్టే ఆక్యుపేషనల్ థెరపీ విశాఖ దాకా వెళ్ళకుండా అక్కడ ఎంత దొరికితే అంత వాడుకో. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. వైకల్య సర్టిఫికెట్‌కి, యూడీఐడీ అనే గుర్తింపు కార్డుకి ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు, దేశమంతా చెల్లుతుంది, రేపు మీరు ఆంధ్రాకి మారినా సరే. ఆ సర్టిఫికెట్ ఉంటే నేషనల్ ట్రస్ట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థవాళ్ళ నిరామయ ఆరోగ్య బీమాలో చేరొచ్చు, ఏడాదికి లక్ష రూపాయల దాకా, థెరపీ ఖర్చులకి కూడా అందులో కొంత వస్తుంది. సర్టిఫికెట్ తీసుకుంటే పిల్లడి మీద ముద్ర పడుతుందని బంధువులు అంటారు. ఆ బంధువులు థెరపీ బిల్లు కడతారేమో అడిగి చూడు.

ఏడుపొస్తోంది అన్నావు. ఏడు. కొన్ని రోజులు ఆట రానే రాదు, మనకీ వంట్లో ఓపిక ఉండదు, ఆ రోజు వాడి పక్కన కూర్చుని వాడి మూతల చప్పుడు వింటూ టీ తాగు. అబద్ధపు ఉత్సాహంతో అరిచే అమ్మ కంటే ఊరికే పక్కనున్న అమ్మ వాడికి తేలిక.

ఇంకో మాట, ఇందాక రాయడం మర్చిపోయాను. ఇంట్లో పాత ఇత్తడి మూత ఏదైనా ఉంటే ఆ స్టీలు మూతల మధ్యలో కలిపి పెట్టు. అది దొర్లి పడితే చప్పుడు వేరేగా వస్తుంది కదా. అప్పుడు వాడు తల ఎటు తిప్పుతాడో, మూత వైపా నీ వైపా, చూసి నాకు రాయి.